పెట్టెలో లేని చెప్పు

పెళ్ళయి నలభై రెండు రోజులయింది. ఉంగరం ఇంకా కొత్తగానే ఉంది. కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా టింగుమని మోగుతుంది. ఆ మోత కోసమే అర్గిరో ఈమధ్య రోజుకి ఐదుసార్లు కాఫీ తాగుతోంది.

ఆమె పుట్టి పెరిగింది పిరేయస్ రేవులో. అక్కడే కాలేజీ చదువు ముగించి, ఓడల కంపెనీలో రెండేళ్ళు పనిచేసి, పోయిన వేసవిలో మేనత్తతో కలిసి తీనోస్ ద్వీపానికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. మొక్కు మేనత్తది, తీరింది మాత్రం అర్గిరోకి. అవ్లాకి ఒడ్డున బోర్లించిన పడవకి రంగు గీకుతూ, ముక్కు మీద నీలం మరక పెట్టుకుని కూర్చున్న స్తమాతిస్‌ని చూసింది. ముక్కుకి రంగంటిందని వెళ్ళి చెప్పింది. అతను తుడుచుకోబోయి చెంపకి కూడా పూసుకున్నాడు. ఇక వెనక్కి వెళ్ళి చేసేదేముంది అనిపించింది ఆమెకి.

అవ్లాకి చిన్న ఇసుక ఒడ్డు. ఒక కొసన అత్తగారు మార్కెత్తా నడిపే భోజన హోటలు. రెండో కొసన స్తమాతిస్ రేకుల కొట్టు. గొడుగులు, కయాకులు, పెడల్ పడవలు అద్దెకిస్తాడు. రెండింటికీ మధ్య వంద అడుగుల ఇసుక. ఆ వంద అడుగులే ఆమె ప్రాణం తీస్తున్నాయి. వంటింటి కిటికీలోంచి చూస్తే మొగుడి నవ్వు కనిపిస్తుంది, ఎందుకు నవ్వాడో వినిపించదు.

ఆ రోజు అతను మామూలు కంటే ఎక్కువ నవ్వుతున్నాడు.

"అమ్మాయ్," అంది మార్కెత్తా నూనెలో టమాటా కెఫ్తే వడలు తిప్పుతూ, "నువ్వు కోసేది టమాటాలనా, కిటికీనా?"

"ఆవిడెవరత్తయ్యా?"

"ఏ ఆవిడ?"

"మెట్ల మీంచి 'స్తమాతీ...' అని రాగం తీస్తూ దిగిందే, ఆవిడ. అతని పేరు చివర అంత పొడుగ్గా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది."

మార్కెత్తా మెడ చాచి చూసింది. "ఓ, ఫెమ్కె! హాలెండు పిల్ల. మూడేళ్ళబట్టీ వస్తోంది. మంచి పిల్ల, వంకాయ కూర పెడితే గిన్నె నాకేస్తుంది."

మంచి పిల్ల. ఆ మాట అర్గిరో గొంతులో చేపముల్లులా దిగింది. చేతిలో కత్తి పక్కన పెట్టి, నురగ కాఫీ ఒకటి గబగబా గిలక్కొట్టి, ఆ వంద అడుగులూ దాటింది.

దగ్గరికి వెళ్ళాక ఇంకా కష్టమైంది. ఫెమ్కె పొడగరి. ముఖం నిండా చిన్న చిన్న గోధుమరంగు మచ్చలు, అవి కూడా ఆవిడకి అందంగానే ఉన్నాయి. అర్గిరోని చూడగానే రెండు చేతులూ చాచి వచ్చి, చెంపకి చెంప ఆనించింది.

"పెళ్ళికూతురు! ఫోటో చూశాను. ఫోటోలో కంటే బాగున్నావు."

ఫోటో పంపాడన్నమాట. అర్గిరో పళ్ళు కనిపించేలా నవ్వింది.

"నీకో బహుమతి తెచ్చాను," అంటూ ఫెమ్కె సంచిలోంచి రేకు డబ్బా తీసింది. "దాల్చినచెక్క బిస్కట్లు. స్తమాతిస్‌కి ఇవంటే ప్రాణం కదా!"

ప్రాణమట. నలభై రెండు రోజులుగా అతనికి పొద్దున్నే పెరుగులో తేనె కలిపిపెడుతోంది, అంజూర పళ్ళు ఒలిచిపెడుతోంది. దాల్చినచెక్క సంగతి ఒక్కరోజైనా నోరు విప్పి చెప్పాడా? ఆ మాట తెలియాలంటే హాలెండు దాకా వెళ్ళాలి కాబోలు. డబ్బా తీసుకుని "థాంక్యూ" అంది. మొగుడి కాఫీ గ్లాసు ఇసుకలో కాస్త గట్టిగానే దించింది.

స్తమాతిస్‌కి ఇదేమీ కనపడలేదు. కట్టెపుల్లతో ఇసుకలో బొమ్మ గీస్తున్నాడు. ఫెమ్కె ఈసారి కొత్తగా ఒక పలక కొనుక్కొచ్చింది. గాలి ఊదితే గట్టిపడి, నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే రకం. దాని మీద మొదటిసారి నీళ్ళలోకి వెళ్ళబోతోంది.

"ఇదిగో కొండ," అన్నాడు. "ఇది మనం. గాలి కొండ వెనక నుంచి వస్తుంది, మెల్తెమి అంటాం దాన్ని. కొండ అడ్డం కాబట్టి ఒడ్డు దగ్గర నీళ్ళు పాలు కాచిపెట్టినట్టుంటాయి. అందరూ మోసపోయేది అక్కడే. ఆ ముక్కు కనిపిస్తోందా, నల్లరాయి? అది దాటావంటే వీపు మీద చెయ్యేసి తోసినట్టు తోస్తుంది. వెళ్ళేటప్పుడు హాయిగా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది."

"రాయి దాటను."

"దాటనని అందరూ అంటారు. దాటితే ఏం చేస్తావో అది చెప్పు ముందు."

"ఈదుకుంటూ వచ్చేస్తాను."

"చచ్చిపోతావు," అన్నాడు చాలా మామూలుగా. "పలక వదలకూడదు. ఏమైనా సరే వదలకూడదు. బోర్లా పడుకో. నిలబడితే నువ్వే తెరచాపవి. గాలికి ఎదురు తెడ్డు వేసి ఓపిక పోగొట్టుకోకు. పక్కకి వెయ్యి. అదీ చేతకాకపోతే చేతులు నీళ్ళలో పెట్టుకుని పడుకుని ఉండు. మేమొస్తాం."

పొద్దున్నించీ వచ్చిన వాళ్ళందరికీ ఇదే పాఠం చెబుతున్నాడు. స్కూటరు మీద ఈత బట్టలతో ఊరేగొద్దని, పడితే చర్మం రోడ్డుకే అంటుకుంటుందని ఇటలీ కుర్రాళ్ళకి చెప్పాడు. మిట్టమధ్యాహ్నం రాకీ సారా తాగి ఎండలో పడుకోవద్దని ఒక ముసలాయనకి చెప్పాడు. కాలికి సముద్రపు ముళ్ళకాయ గుచ్చుకున్న పిల్లకి ఆలివ్ నూనె రాశాడు. కానీ వాళ్ళకి మూడేసి ముక్కలు. ఫెమ్కెకి పదకొండు నిమిషాలు. అర్గిరో కొట్టులోని గడియారంలో చూసి మరీ చెప్పగలదు.

పాఠం అయ్యాక పలక ముందు భాగానికి నారింజరంగు గుడ్డ కట్టాడు. ఆ తర్వాత, అర్గిరో చూస్తుండగానే, మోకాళ్ళ మీద కూర్చుని ఫెమ్కె చీలమండకి పలక పట్టీ బిగించాడు. ఒకసారి లాగి చూశాడు. సరిపోలేదు. మళ్ళీ విప్పి కట్టాడు.

పెళ్ళి అడిగినప్పుడు కూడా ఈ మనిషి మోకాళ్ళ మీద కూర్చోలేదు. పడవ ఇంజిను సరిచేస్తూ, గ్రీజు చేతులతో, "నువ్విక్కడే ఉండిపోరాదూ?" అన్నాడు. అప్పుడది ఎంత బాగుంది! ఇప్పుడు గుర్తొస్తే కడుపులో పొయ్యి రాజుకుంది.

అంతటితో అయిందా? చెప్పు ఒకటి మిగిలింది.

స్తమాతిస్ కొట్టు ముందు నీలంరంగు చెక్కపెట్టె ఉంటుంది. అవ్లాకి నుంచి నీళ్ళలోకి ఏ వస్తువు మీద వెళ్ళే మనిషైనా, అద్దె పడవైనా, సొంత పలకైనా, ఊదుకున్న పరుపైనా, ఎడమకాలి చెప్పు అందులో వేసి వెళ్ళాలి. తిరిగొచ్చి తీసుకోవాలి. ఆ పద్ధతి అతని తండ్రి పెట్టింది. ఒకప్పుడు గాలిపరుపు మీద పడుకున్న మొగుడూ పెళ్ళాలు కొట్టుకుపోతే, మర్నాడు చేపల పడవవాళ్ళు చూసేదాకా వాళ్ళు లేరన్న సంగతే ఒడ్డున ఎవరికీ తెలియలేదు. పడవలైతే లెక్కపెట్టుకోవచ్చు. జనం తెచ్చుకునే పరుపుల్ని ఎవరు లెక్కపెడతారు? పేర్లు రాసిన కాగితం గాలికెగిరిపోతుంది, ఒంటి చెప్పుతో మాత్రం ఎవడూ ఇంటికి పోడు, అనేవాడట మామగారు. సాయంత్రం పెట్టె ఖాళీ అయితే సముద్రం ఖాళీ అయినట్టు. ఒక్క చెప్పు మిగిలినా స్తమాతిస్ పడవ తీస్తాడు. రబ్బరు చెప్పులు, చిరిగినవి, పిల్లల చెప్పులు, అన్నీ అందులోకి టపటపా విసిరేస్తారు.

ఫెమ్కె చెప్పు తోలుది, వెండిరంగు బకిలు ఉంది. స్తమాతిస్ దాన్ని విసరలేదు. అరచేత్తో ఇసుక తుడిచి, తడి తగలకుండా పెట్టె మూలన నిలబెట్టాడు.

తుడిచాడు.

నా చెప్పు ఏనాడైనా తుడిచాడా, అనుకుంది అర్గిరో. ఒళ్ళంతా భగ్గుమంది.

ఫెమ్కె తెడ్డు వేసుకుంటూ వెళ్ళిపోయింది. జర్మనీ వాళ్ళు నలుగురు పెడల్ పడవ గొలుసు ఊడిందని స్తమాతిస్‌ని నీళ్ళ దగ్గరికి పిలుచుకుపోయారు. రెండు గంటల ఎండ. ఇసుక పెనంలా కాలుతోంది. అర్గిరోకి ఒక ఆలోచన వచ్చింది. ఆవిడ తిరిగొచ్చి చెప్పు దొరక్క, ఈ ఇసుకలో ఒంటికాలి మీద "అమ్మా, అబ్బా" అని గెంతుకుంటూ పోతే ఎలా ఉంటుంది? అంతే. అంతకంటే ఎక్కువేమీ అనుకోలేదు. ఆ గెంతులు తల్చుకుంటేనే ఆమెకి నవ్వొచ్చింది.

చెప్పు తీసి ఏప్రన్ కింద పెట్టుకుని, కాఫీ తాగడం మర్చిపోయిన మొగుడి గ్లాసు కూడా తీసుకుని, హోటలు వెనక సామాన్ల గదిలోకి వెళ్ళింది. జనం మర్చిపోయిన టోపీలూ కళ్ళజోళ్ళూ వేసే బుట్ట ఒకటుంది. అందులో అడుక్కి తోసేసింది. బిస్కట్ల డబ్బా పిండి బస్తా వెనక పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి చాలా హుషారుగా టమాటాలు కోసింది.

"ఏమిటీ సంతోషం?" అంది మార్కెత్తా.

"ఊరికే అత్తయ్యా."

"ఊరికే వచ్చే సంతోషం నాకు భయం. ఆ ఉల్లిపాయలు కూడా అందుకో."

ఆ తర్వాత హోటలు నిండిపోయింది. చేపలు వేయించడం, పుచ్చకాయ కోయడం, బల్లగుడ్డలు మార్చడంలో అర్గిరోకి ఫెమ్కె గుర్తు కూడా రాలేదు.

నాలుగు దాటాక కిటికీ రెక్క దబ్బున కొట్టుకుంది. గాలి కొండ దిగింది. కాగితపు రుమాళ్ళు పిచ్చుకల్లా లేచిపోయాయి. ఒడ్డున స్తమాతిస్ విజిల్ ఊదాడు. కయాకులు వచ్చాయి, పెడల్ పడవలు వచ్చాయి, పరుపులు చంకన పెట్టుకుని పిల్లలు వచ్చారు. అందరూ పెట్టె చుట్టూ మూగి ఎవరి చెప్పు వాళ్ళు వెతుక్కున్నారు. గొడుగులు మూసేశారు. ఐదున్నరకి ఒడ్డు దాదాపు ఖాళీ.

స్తమాతిస్ జుట్టు నిండా ఇసుకతో వంటింట్లోకి వచ్చి, వెనక నుంచి ఆమె భుజం మీద గడ్డం ఆనించాడు.

"పెట్టె ఖాళీ," అన్నాడు. రోజూ అదే మాట అంటాడు. పని అయిపోయింది, ఇక నేను నీవాణ్ణి అని దానర్థం. ఆ మాట వినగానే అర్గిరోకి రోజూ అరికాళ్ళు తేలికైపోతాయి. ఇవాళా అలాగే అయ్యాయి. అతనికి పళ్ళెం పెట్టింది. అతను మొదటి కెఫ్తే ఆమె నోట్లో పెట్టాడు. కాలిందని ఆమె ఊదుకుంటుంటే నవ్వాడు.

"అవునూ, ఆ బిస్కట్ల డబ్బా ఏది?"

అరికాళ్ళు మళ్ళీ బరువెక్కాయి. "ఇచ్చినావిణ్ణే అడుగు."

"ఆవిడెక్కడుంది అడగడానికి? చెప్పకుండా వెళ్ళిపోయింది. నేను గొలుసు బిగించి వచ్చేసరికి పెట్టెలో చెప్పు లేదు. భయపడి పావుగంటలో తిరిగొచ్చేసినట్టుంది. ఓ మాట చెప్పి పోవచ్చుగా?"

అర్గిరో చేతిలో గరిటె ఆగింది.

కిటికీలోంచి చూసింది. ఒడ్డు చివర చెట్టు నీడలో చారల తువ్వాలు పరిచే ఉంది. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు. దాని మీద సంచి. సంచి పక్కన ఒక్క చెప్పు.

"స్తమాతిస్, ఆవిడ తువ్వాలు అక్కడే ఉంది."

అతను తలెత్తి చూశాడు. "మర్చిపోయి ఉంటుంది. లేకపోతే పైన రోడ్డు మీద ఐస్‌క్రీము తింటోందేమో."

"సంచి కూడా ఉంది. అందులో ఫోనుండదూ?"

"పెట్టెలో చెప్పు లేదు కదా," అన్నాడు, రొట్టె తుంచుతూ. "చెప్పు లేదంటే మనిషి వచ్చేసినట్టే. మా నాన్న పెట్టె ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదు."

ఆ నమ్మకం చూసి ఆమె గరిటె పక్కన పెట్టేసింది.

సామాన్ల గదిలోకి వెళ్ళింది. బుట్ట అడుగు నుంచి చెప్పు తీసింది. చెప్పేస్తే? ఈ మనిషి మళ్ళీ నా భుజం మీద గడ్డం ఆనిస్తాడా? చెప్పకపోతే? అప్పుడే ఇంకో దారి కనిపించింది. పెట్టె వెనక ఇసుకలో దీన్ని పడేసి, "అయ్యో, ఇక్కడ పడి ఉంది చూడు" అంటే చాలు. గాలికి దొర్లిందనుకుంటారు. అతను పడవ తీస్తాడు. ఎవరికీ ఏమీ తెలియదు. చెప్పు ఏప్రన్ కింద దాచుకుని వెనక తలుపులోంచి బయటపడింది.

సగం ఇసుక దాటేసరికి ఇంకొకటి తట్టింది. ఇది ఇలా దొరికితే, సరిగ్గా చూడలేదని అతను తనని తానే తిట్టుకుంటాడు. ఆ ఫెమ్కెకి ఏదైనా అయితే, ఇంకో నలభై ఏళ్ళు అతని పక్కనే పడుకుని ఆ తిట్టు అర్గిరోనే వినాలి.

వెనక్కి తిరిగింది. అతను చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వస్తున్నాడు, వెనకాల అత్తగారు.

"ఆవిడ రాలేదు," అంది అర్గిరో. ఏప్రన్ కింద నుంచి చెప్పు తీసి చూపించింది. "నేనే తీశాను. కావాలనే తీశాను."

"ఎందుకు?"

"నువ్వు దాన్ని తుడిచావు."

మార్కెత్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. స్తమాతిస్ ముఖం సున్నం కొట్టినట్టయింది. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"ఎన్నింటికి తీశావు?"

"రెండింటికి. జర్మన్లు నిన్ను పిలిచినప్పుడు."

"మూడున్నర గంటలు," అన్నాడు తనలో తను. అప్పటికే పరుగెత్తుతున్నాడు. "అమ్మా, కోస్ట్ గార్డుకి ఫోన్ చెయ్యి. పలక మీద ఆడమనిషి, నారింజ గుడ్డ, డీలోస్ ద్వీపం వైపు కొట్టుకుపోతోందని చెప్పు." ఇసుకలో ఆగి వెనక్కి చూశాడు. "నువ్వు రా. ఒకరు నడపాలి, ఒకరు చూడాలి. ఇందాకంతా ఆమె మీదనుంచి కళ్ళు తిప్పలేదుగా, ఇప్పుడూ తిప్పకు."

పడవ ఒడ్డు దగ్గర నూనె మీద జారినట్టు జారింది. నల్లరాయి దాటగానే వెనక నుంచి ఎవరో గుద్దినట్టయింది. నీళ్ళు తెల్లగా విరుగుతున్నాయి. ఉప్పు తుంపర కళ్ళల్లో సూదుల్లా పడుతోంది. అర్గిరో ముందు భాగాన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో అంచు పట్టుకుని చూసింది. మధ్యాహ్నం ఈ మనిషి నా కళ్ళముందు లేకుండా పోతే బాగుండుననుకుంది. ఇప్పుడు ఆ గోధుమరంగు మచ్చల ముఖం ఒక్కసారి కనిపిస్తే చాలు.

నారింజరంగు కనిపించింది. "అదిగో!" అని అరిచింది. తీరా వెళ్తే వలకి కట్టిన బుడ్డి. స్తమాతిస్ పడవ మళ్ళించాడు. అతను ఏదో ఒకటి అంటే బాగుండుననిపించింది. గాలిని చూసి, ఎదురుగా కనిపించే డీలోస్‌ని చూసి, లెక్కేసుకుంటూ పోతున్నాడు. అల పైకి లేచినప్పుడల్లా ఆమె నిలబడినంత పని చేస్తోంది. అల కిందికి దిగితే నీళ్ళు తప్ప ఏమీ లేవు.

మూడోసారి లేచినప్పుడు మళ్ళీ నారింజరంగు. ఈసారి అరవలేదు. చెయ్యి చాచి చూపించింది. చెయ్యి దించకుండా అలాగే ఉంచింది.

ఫెమ్కె పలక మీద బోర్లా పడుకుని ఉంది. చేతులు రెండూ నీళ్ళలో. చీలమండకి పట్టీ అలాగే బిగించి ఉంది. తెడ్డు లేదు. పెదాలు నీలంగా అయ్యాయి. మధ్యాహ్నం ఆ పదకొండు నిమిషాల్లో అతను ఏమేం చెప్పాడో అన్నీ ఒక్కటి వదలకుండా చేసింది. అర్గిరో ఆమె చంకల కింద చేతులు పెట్టి లాగింది. ఇద్దరూ పడవ అడుగున ఒకరి మీద ఒకరు పడ్డారు. ఫెమ్కె ఐసుముక్కలా ఉంది. అర్గిరో పడవలో పడున్న స్తమాతిస్ ఉన్ని చొక్కా తీసి ఆమెకి తొడిగి, గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"రెండుసార్లు పడిపోయాను," అంది ఫెమ్కె పళ్ళు కొట్టుకుంటూ. "పట్టీ ఉంది కాబట్టి పలక దొరికింది. విజిల్ వినిపించింది, అరిచాను, నా అరుపుని గాలి నా మీదికే తోసేసింది." కాసేపు ఊపిరి తీసుకుంది. "భయం వేసినప్పుడల్లా ఒకటే అనుకున్నాను. నా చెప్పు పెట్టెలో ఉంది. చూస్తారు. వస్తారు."

స్తమాతిస్ చుక్కాని దగ్గర నుంచి తల తిప్పలేదు. అతను చెప్పడు. అర్గిరోకి అది తెలుస్తూనే ఉంది. ఈ కృతజ్ఞత తను అలాగే ఉంచేసుకోవచ్చు.

"చెప్పు పెట్టెలో లేదు," అంది. "నేను తీసి దాచాను. నువ్వు ఇసుకలో గెంతుతుంటే చూడాలని. మీరిద్దరూ నవ్వుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది."

ఫెమ్కె మెడ తిప్పి ఆమెనే చూసింది.

"మరి ఎలా తెలిసింది నేను లేనని?"

"నీ తువ్వాలు చూశాను."

"నాలుగు గంటలు," అంది ఫెమ్కె. "నాతో ఏమీ మాట్లాడకు. ఇప్పుడు మాట్లాడకు."

ముఖం అటు తిప్పేసుకుంది. కానీ చలికి వణికిపోతోంది కాబట్టి అర్గిరో చేతుల్లోంచి మాత్రం జరగలేదు. ఒడ్డు వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

మార్కెత్తా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది, ఒక చేతిలో దుప్పటి, ఇంకో చేతిలో కోడిపులుసు గిన్నె. "ఎంతసేపమ్మా, నా పులుసు రెండుసార్లు వేడి చేశాను!" అని అరిచి, వెంటనే గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. మనిషి దొరికిందని కోస్ట్ గార్డుకి కబురు చెప్పింది. స్తమాతిస్ ఫెమ్కెని ఎత్తుకుని తీసుకొచ్చి, హోటలు అరుగు మీద కూర్చోబెట్టి, దుప్పటి చుట్టాడు. నేల మీద కూర్చుని ఆమె పాదాలు రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు.

అర్గిరో తడిబట్టలతో పక్కనే నిలబడి చూసింది. ఇంత జరిగాక సిగ్గుండాలి. కానీ కడుపులో ఎక్కడో ఆ పొయ్యి మళ్ళీ చిటపటలాడింది. చిన్నగానే, కానీ చిటపటలాడింది.

"స్తమాతిస్," అంది.

"ఊఁ."

"నాకు మళ్ళీ కుళ్ళుగా ఉంది."

స్తమాతిస్ పడవ తీసినప్పటి నుంచి మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఎంత?"

"ఇందాకటంత లేదు. కానీ ఉంది."

"నా కాళ్ళు ఉన్నాయో లేవో నాకే తెలియడం లేదు," అంది ఫెమ్కె దుప్పటిలోంచి, "ఈమెకి వాటి మీద కుళ్ళు! అంతగా ఉంటే నువ్వే రుద్దు."

అర్గిరో కింద కూర్చుంది. స్తమాతిస్ పక్కకి జరిగాడు. పాదాలు రాళ్ళలా ఉన్నాయి. రుద్దింది. ఫెమ్కె ఆమె వైపు చూడకుండా పులుసు తాగింది.

"గట్టిగా," అంది కాసేపటికి. "క్షమాపణ అడిగినట్టు కాదు, గట్టిగా."

"రేపటి నుంచి పెట్టె జోలికి రాకు," అన్నాడు స్తమాతిస్. గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు.

"రాను."

"కుళ్ళు పుడితే ఏం చేస్తావు?"

"ఏమో. కిటికీలోంచి అరుస్తాను."

"అరవు. నన్ను తిట్టు. ఊరంతా విన్నా ఫరవాలేదు. నాకు తెలియకుండా మాత్రం ఏదీ దాచకు."

"ఊరంతానా?" అంది మార్కెత్తా. "ముందు నా బల్లల దగ్గర కూర్చున్న వాళ్ళు పారిపోతారు. కాస్త కెఫ్తేలు అమ్ముడయ్యాక అరవు తల్లీ."

స్తమాతిస్ నవ్వలేదు. లేచి పడవ దగ్గరికి వెళ్ళాడు. గాలి ఇంకా పెరిగింది, పడవ పైకి లాగాలి. ఒక్కడే తాడు భుజానికేసుకుని లాగాడు. కాస్త కదిలి మళ్ళీ జారింది. ఇంకోసారి లాగాడు. అర్గిరో ఫెమ్కె పాదాలు వదలకుండా అటే చూసింది. పిలుస్తాడా? పిలవడా?

అతను కొండ వైపు చూస్తూ, ఎవరినీ అడగనట్టు అడిగాడు. "తాడు పట్టడానికి ఎవరైనా వస్తారా?"

అర్గిరో ఫెమ్కె ముఖంలోకి చూసింది.

"వెళ్ళు," అంది ఫెమ్కె. "నేనెక్కడికీ పోలేను. నడవడానికి ఇంకా కాళ్ళు రాలేదు."

ఆమె ఇసుకలో పరుగెత్తింది.